1/25 స్కేలులో 1968 డాడ్జ్ చార్జర్ ఆర్/టి: నల్లగొండ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: కొలతలు

కట్టేది అమెరికన్ కారు 1968 డాడ్జ్ చార్జర్ ఆర్/టి, 1/25 ప్లాస్టిక్ కిట్, అంటే అసలు కారులో 25వ వంతు మోడల్. 440 మాగ్నమ్ ఇంజిన్, ఎర్ర బాడీ, తోక దగ్గర తెల్ల చారలు. ముందు ఏ సంవత్సరం కారో ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే 68, 69 చార్జర్ల ఒళ్లు ఒకటే, మొహం వేరు. 68లో గ్రిల్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే పట్టీ. వెనక ఒక్కో పక్క రెండేసి గుండ్రటి లైట్లు, ఫెండర్ల మీద గుండ్రటి మార్కర్ లైట్లు. 69లో గ్రిల్ మధ్యలో అడ్డు వచ్చింది, వెనక లైట్లు పొడుగు పట్టీలయ్యాయి, మార్కర్లు దీర్ఘచతురస్రాలయ్యాయి. నెట్‌లో దొరికే ఫొటోల్లో ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి. గ్రిల్ చూసి సంవత్సరం తేల్చుకున్నాకే ఆ ఫొటోను ఆధారంగా పెట్టుకోవాలి.

అసలు కారు వీల్‌బేస్ 117 అంగుళాలు, అంటే 2972 మి.మీ. 25తో భాగిస్తే 118.9 మి.మీ. మొత్తం పొడవు 208 అంగుళాలు, స్కేలులో 211.3 మి.మీ. వెర్నియర్‌తో చాసిస్ మీద ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు, తర్వాత బాడీ మీద ముందు చక్రం గూడు మధ్య నుంచి వెనక గూడు మధ్యకు కొలవాలి. ఈ రెండు కొలతలకూ అర మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే చక్రం గూటిలో ఒక పక్కకు జరిగి కనిపిస్తుంది. రంగు ఎంత బాగా వేసినా ఆ లోపం దాగదు. సరిచేయాల్సింది ఇప్పుడే, ఇరుసు రంధ్రం పూడ్చి కొత్తది వేసి.

ఈ ప్రాజెక్టులో ప్రతి భాగానికీ పెట్టుకున్న పరీక్ష ఇదే: అసలు మందం ఎంత, 25తో భాగిస్తే ఎంత. స్పార్క్ ప్లగ్ వైరు 7-8 మి.మీ. ఉంటుంది, స్కేలులో 0.3. బ్యాటరీ కేబుల్ దాదాపు 10, స్కేలులో 0.4. హీటర్ హోస్ బయటి కొలత 25 దగ్గర, స్కేలులో 1. తలుపు సందు 5 మి.మీ., స్కేలులో 0.2. బొమ్మలా కనిపించే మోడల్‌లో తప్పు ఎక్కువగా రంగులో ఉండదు, మందంలో ఉంటుంది. చెయ్యంత లావు వైరు, పూడిపోయిన తలుపు గీత, మొద్దుబారిన అంచు, ఈ మూడూ సరిగా ఉంటే మెరుపు కాస్త తక్కువైనా కన్ను ఒప్పుకుంటుంది.

మార్చి: బాడీ

కిట్ భాగాల మీద అచ్చు వదలడానికి రాసిన నూనె ఉంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లలో మెత్తటి టూత్ బ్రష్‌తో కడగాలి. చివరి కడుగుడు మాత్రం బోరు నీళ్లతో వద్దు. నల్లగొండ జిల్లాలో భూగర్భ జలం గట్టిది, ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఆ నీళ్లు ఆరినచోట తెల్లటి పొర మిగులుతుంది, ప్రైమర్ కింద అది గరుకుగా తేలుతుంది. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు డబ్బా ఈ మొత్తం పనికి సరిపోతుంది.

అచ్చు గీతలు ఫెండర్ల పైఅంచున, వెనక అద్దం రెండు పక్కల కిందికి జారే రెక్కల మీద, బంపరు మూలల్లో ఉంటాయి. చార్జర్‌లో వెనక అద్దం లోపలికి దిగి ఉంటుంది, ఆ రెక్కల అంచు పదునే కారు అందం. అక్కడ ఎమరీ వేలితో పట్టి రుద్దితే అంచు గుండ్రమైపోతుంది. ఐస్‌క్రీమ్ పుల్లకు 600 నంబరు ఎమరీ అతికించి, అంచుకు సమాంతరంగా మాత్రమే కదపాలి. ఆ తర్వాత 1000.

తలుపు, డిక్కీ, బానెట్ గీతలను ప్రైమర్ ముందే లోతు చేయాలి. బ్లేడు వెనక వైపుతో, బరువు వేయకుండా, నాలుగైదు సార్లు. మొదటి గీతకే లోతు కావాలని నొక్కితే బ్లేడు జారి తలుపు మీద అడ్డంగా గీత పడుతుంది. అలా పడితే సూపర్ గ్లూ నింపి, గంటలోపే రుద్దేయాలి. ఒక రాత్రి ఆగితే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, రుద్దినప్పుడు గ్లూ నిలిచి ప్లాస్టిక్ పల్లమవుతుంది.

ఆటోమొబైల్ షాపుల్లో దొరికే ఎన్‌సీ పుట్టీ చవక, వాడొచ్చు, కానీ పలచగా. అందులోని థిన్నర్ పాలిస్టైరీన్‌ను తింటుంది. మందంగా పెడితే పైన ఆరి, కింద ప్లాస్టిక్ మెత్తబడి, వారం తర్వాత ఆ చోటు కుంగుతుంది. లోతు ఎక్కువున్న చోట రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీయే నయం.

రంగు కన్నా ముందు ఒకసారి మొత్తం కారు టేపుతో నిలబెట్టి చూడాలి: చాసిస్, లోపలి తొట్టి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ లోపలి భాగానికీ మధ్య గోడ), బాడీ. చాలా అమెరికన్ కిట్లలో లోపలి తొట్టి డాష్‌బోర్డు కిందో, వెనక సీటు దగ్గరో బాడీని తన్ని, చాసిస్ చివరి ఒకటి రెండు మి.మీ. పైకి ఎక్కదు. రంగు వేశాక బలవంతంగా నొక్కితే పిల్లర్లు విరుగుతాయి. తొట్టి పైఅంచును ఇప్పుడే అర మి.మీ. అరగదీస్తే సరి.

మార్చి చివర: ఇంజిన్

440 ఇంజిన్ 375 హార్స్‌పవర్, ఒకటే నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్. 68లో దీని రంగు క్రైస్లర్ టర్కాయిస్, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం. నారింజ రంగు 426 హెమీది. ఆర్/టిలో హెమీ అదనపు డబ్బు పెట్టి తీసుకునే ఇంజిన్, 425 హార్స్‌పవర్. 68లో 440కి నారింజ రంగు వేస్తే తెలిసినవాళ్లు బానెట్ ఎత్తగానే పట్టేస్తారు.

బ్లాకు రెండు సగాలు అతికాక మధ్య గీత కనిపించకుండా రుద్దాలి. కిందవైపు పరవాలేదు, ముందు వైపు మాత్రం బెల్టుల వెనక నుంచి కనిపిస్తుంది. రంగు వేసి ఆరాక నలుపులో గోధుమ రంగు కలిపి నీళ్లలా పలచన చేసి బోల్టుల చుట్టూ వదలాలి. పొంగిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బడ్‌తో తుడవాలి. అయితే కింద రంగు కూడా నీటి ఆక్రిలిక్ అయితే ఆల్కహాల్ దాన్నీ లేపుతుంది. అందుకే ఇంజిన్‌కు లాకర్ (ఘాటు థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే) రంగు, ఆ పలచటి వాష్‌కు ఆక్రిలిక్. ఈ క్రమం తిరగేయొద్దు.

వైరింగ్‌కు విదేశీ సెట్లు కొనాల్సిన పని లేదు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో బోరు మోటార్లు, ఫ్యాన్లు వైండింగ్ చేసే షాపులు వీధికొకటి ఉన్నాయి. 30 గేజ్ ఎనామెల్ రాగి తీగ 0.315 మి.మీ., అంటే స్కేలులో దాదాపు 8 మి.మీ. ప్లగ్ వైరు. 33 గేజ్ 0.25 మి.మీ., సన్న వాక్యూమ్ పైపులకు, బ్రేక్ లైన్లకు సరిపోతుంది. వైండింగ్ మిగిలిన మూర తీగ షాపాయన ఊరికే ఇస్తాడు. పాత మోటారులోంచి విప్పిన తీగ వద్దు, కాలి పెళుసై ఉంటుంది, వంచినచోట ఎనామెల్ రాలుతుంది. ప్లగ్ వైర్లకు నల్ల రంగు తీగ వంచాక వేయాలి, ముందు వేస్తే వంపుల దగ్గర పగులుతుంది.

రంధ్రాలకు సర్క్యూట్ బోర్డులకు వాడే 0.35, 0.4 మి.మీ. కార్బైడ్ బిట్లు కావాలి. ఇవి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఈ బిట్ పక్కకు ఏ మాత్రం వంగినా టప్పున విరుగుతుంది, కాబట్టి యంత్రం డ్రిల్ వద్దు, పిన్ వైస్ అనే వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్ వాడాలి. రంధ్రం వేసే చోట ముందు సూది మొనతో గుంట పెట్టాలి. డిస్ట్రిబ్యూటర్ తలపై చుట్టూ 8, మధ్యలో కాయిల్ తీగకు 1, మొత్తం 9. కిట్‌తో వచ్చిన తల చిన్నదైతే, అన్ని రంధ్రాలు వేస్తే మధ్య గోడలు తెగిపోతాయి. అప్పుడు దానికి సరిపడే లావు ప్లాస్టిక్ కడ్డీ ముక్క కోసి కొత్త తల చేయడమే తేలిక.

పెద్ద బ్లాక్ క్రైస్లర్‌లో డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ ముందు భాగంలో, కుడి పక్కకు వాలి ఉంటుంది. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2, రోటర్ తిరిగేది అపసవ్య దిశలో. డ్రైవర్ పక్క సిలిండర్లు ముందు నుంచి 1, 3, 5, 7. రెండో పక్క 2, 4, 6, 8. ఈ లెక్కన తల మీద అపసవ్యంగా 1 నుంచి మొదలుపెట్టి తీగలు ఎక్కించాలి. మూత వేస్తే ఎవరికీ కనిపించదు కదా అనిపించొచ్చు. కానీ వరసలో వేసినప్పుడే తీగలు వాటంతటవే సరైన గుత్తులుగా విడిపోతాయి, ఎలా పడితే అలా ఎక్కిస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి గూడు కడతాయి. ప్లగ్గుల కొసలు వాల్వ్ కవర్ల మీద కాదు, హెడ్ల బయటి పక్కన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర. కవర్ల మధ్యలోకి దిగేవి హెమీకి.

హీటర్ హోసుకు 1 మి.మీ. సోల్డర్ తీగ: వంచినట్టు నిలుస్తుంది, స్ప్రింగులా వెనక్కి రాదు. రాగి తీగ అంత లావుదైతే వంచేటప్పుడు ఫైర్‌వాల్ భాగాన్నే పెకలిస్తుంది.

ఏప్రిల్: రంగు

ఇక్కడి ఎండకు విదేశీ సూచనలు పనిచేయవు. మధ్యాహ్నం 40 దాటే గదిలో లాకర్ చల్లితే తుంపర బాడీని తాకేలోపే ఆరుతుంది. ఫలితం గరుకు పొడి, అది మెరవదు, రుద్దినా పోదు. జూలైలో చల్లితే రివర్స్: గాల్లో తేమ పూతలోకి చిక్కి రంగు తెల్లబారుతుంది. మా లెక్కలో దక్షిణ తెలంగాణలో రంగుకు మంచి కాలం నవంబరు నుంచి మార్చి. ఏప్రిల్‌లో అయితే పొద్దుగాల ఐదున్నర నుంచి ఏడు లోపు, ఫ్యాన్ ఆపి, నేల మీద నీళ్లు చిలకరించి దుమ్ము కూర్చున్నాక. థిన్నర్ కూడా మెల్లగా ఆరేది వాడాలి. మిస్టర్ కలర్ లెవలింగ్ థిన్నర్‌లో ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ ముందే కలిసి ఉంటుంది. రంగు ఒక పాలు, థిన్నర్ రెండు పాళ్లు, ఎయిర్‌బ్రష్‌కు 0.3 నాజిల్, గాలి ఒత్తిడి 18-20 పీఎస్‌ఐ. కంప్రెసర్‌కు నీళ్లు పట్టే ట్రాప్ తప్పనిసరి. వానాకాలంలో గొట్టంలోంచి ఒక నీటి చుక్క వచ్చినా బానెట్ మళ్లీ మొదటికి.

కార్ల రంగులు కలిపే డుకో షాపులో 100 మి.లీ. రంగు ఏ షేడ్‌లోనైనా కలిపిస్తారు, ధరా తక్కువే. కానీ ఎన్‌సీ థిన్నర్ నేరుగా ప్లాస్టిక్‌ను తాకితే సన్నటి సాలెగూడు పగుళ్లు వస్తాయి. డుకోనే వాడాలంటే మధ్యలో గట్టి ప్రైమర్ పొర, ఆపైన మొదటి రెండు పూతలు దాదాపు పొడిగా, ఒక్కోదాని మధ్య అరగంట ఎడం. ముందు పాత స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీద అదే క్రమంలో వేసి చూడకుండా బాడీ ముట్టుకోవద్దు.

ప్రైమర్ మిస్టర్ ఫినిషింగ్ సర్ఫేసర్ 1500, తెలుపు. ఎరుపు రంగు కింద ఉన్నదాన్ని కప్పలేదు. బూడిద రంగు ప్రైమర్ మీద వేస్తే ఇటుక రంగుకు తిరుగుతుంది, దాన్ని కప్పడానికి పూతలు పెరిగి గీతలు పూడుతాయి. తెలుపు మీద పలచటి గులాబీ పొర ఒకటి, ఆపైన ఎరుపు రెండు పొగ పూతలు, రెండు తడి పూతలు, అంతే. అసలు కారు రంగు మందం దాదాపు 0.1 మి.మీ. మోడల్ మీద ప్రైమర్, రంగు, క్లియర్ (పైన వేసే రంగులేని మెరుపు పూత) కలిపి 0.08 అయినా, స్కేలులో అది 2 మి.మీ. పెంకు. తలుపు గీత 0.2 వెడల్పే కనుక రెండు గోడల మీదా అంత పూత పడితే సందు మూసుకుపోయినట్టే. మార్చిలో గీతలు లోతు చేసింది ఇందుకే.

‘చార్జర్’, ‘ఆర్/టి’ అక్షరాలు బాడీ మీదే ఉబ్బుగా అచ్చై ఉంటే ఒక కిటుకు ఉంది. ప్రైమర్ తర్వాత, రంగుకు ముందు, ఆ అక్షరాల మీద బేర్ మెటల్ ఫాయిల్ (జిగురున్న సన్నటి లోహపు రేకు) ముక్క అతికించి అంచులు నొక్కేయాలి. పైన రంగు పడాలి. రంగు తాకేంత ఆరాక, థిన్నర్ పిండేసిన గుడ్డను చదునైన రబ్బరు ముక్కకు చుట్టి అక్షరాల తలల మీద మెల్లగా లాగితే రంగు లేచి వెండి అక్షరం బయటపడుతుంది. బ్రష్‌తో ఆ గీతలు దిద్దడం ఎవరి చేతికీ కుదరదు. క్లియర్ దీని తర్వాతే.

బాడీని త్వరగా ఆరనివ్వాలని డాబా మీద ఎండలో పెట్టొద్దు. పాలిస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర పూర్తిగా మెత్తబడుతుంది, సన్నటి భాగాలు అంతకన్నా చాలా ముందే వంగుతాయి. మూసిన పెట్టెలో, నీడన, వారం. స్ప్రే డబ్బాలను కూడా రేకుల గదిలో ఉంచొద్దు, 40 డిగ్రీలు దాటనివ్వొద్దని జపాన్ డబ్బాల మీదే ఉంటుంది.

లోకల్ టూ-కే (రెండు ద్రవాలు కలిపి వేసే) క్లియర్ మెరుపు గొప్పగా ఉంటుంది, కానీ గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్ ఉంటుంది. దుమ్ముకు కట్టే గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఆర్గానిక్ ఆవిరి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, బయటి గాలి లేకుండా ఆ డబ్బా తెరవనే వద్దు. ఈ కారుకు తామియా టీఎస్-13 క్లియర్ స్ప్రేను గిన్నెలోకి వదిలి, గ్యాస్ పోయాక ఎయిర్‌బ్రష్‌తో వేశాం. ఈ వేడిలో గ్యాస్ బుసబుస పొంగుతుంది, గిన్నె సగానికన్నా నింపొద్దు.

జూన్: చారలు

తోక దగ్గరి తెల్ల చారలు, అంటే బంబుల్‌బీ చారలు, డిక్కీ మీదుగా దిగి రెండు పక్కలా చుట్టుకుంటాయి: మధ్యలో రెండు వెడల్పు పట్టీలు, అటూ ఇటూ సన్న గీతలు. డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే పలచటి స్టిక్కర్) అయితే డిక్కీ అంచు దగ్గర, క్వార్టర్ ప్యానెల్ ఒంపు దగ్గర ముడత పడుతుంది. డిక్కీ గీత మీదుగా వచ్చేచోట కొత్త బ్లేడుతో కోసి, కొసలను మైక్రో సోల్‌తో (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం) లోపలికి కూర్చోబెట్టాలి. మైక్రో సోల్ పూశాక డెకాల్ ముడుచుకుంటుంది, అది చూసి వేలు పెడితే చిరుగుతుంది. అరగంట ముట్టకుండా ఉంటే దానంతటదే సాగి అతుక్కుంటుంది. నీళ్లు ఇక్కడ కూడా డిస్టిల్డే. బోరు నీళ్లు డెకాల్ కింద ఆరితే పారదర్శకమైన చోట్ల వెండి మచ్చలా తేలేది ఆ ఉప్పే.

డెకాల్ మీద క్లియర్ మొదటి రెండు పూతలు పొగలా పడాలి. తడిగా పడితే లాకర్ సిరాను కరిగించి తెల్ల చార గులాబీ అవుతుంది. రెండు వారాలాగి 2000 ఎమరీ సబ్బు నీళ్లతో, తర్వాత సన్న రబ్బింగ్ కాంపౌండ్. అంచుల మీద ఎమరీ అసలు తగలనివ్వొద్దు. ముందే టేపు వేసి, చదును భాగాలు అయ్యాకే టేపు తీసి కాంపౌండ్ ఒక్కటి తాకించాలి.

జూలై: క్రోమ్, లోపల, కింద

కిట్ క్రోమ్ బంపర్లు మరీ మెరుస్తాయి, పైగా స్ప్రూ నుంచి కోసినచోట తెల్ల మచ్చ మిగులుతుంది. సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్‌లో నానబెడితే ఆ పూత కరిగిపోతుంది. ఆ గిన్నెలో, ఆ చుట్టుపక్కల టాయిలెట్ యాసిడ్ ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మెరుపు ఉంచేసిన భాగాలు అతికించేచోట క్రోమ్ గీకేయాలి, ప్లాస్టిక్ జిగురు క్రోమ్‌ను పట్టుకోదు. గ్రిల్ గళ్లలో మ్యాట్ నలుపు నింపి, ఆరకముందే పైఅంచులు తుడవాలి.

వాన గట్టర్లకు, ముందు వెనక అద్దాల చుట్టూ ఫాయిల్. ఫాయిల్ కోసే బ్లేడు కొత్తది కావాలి, మొద్దు బ్లేడు రేకును కోయదు, లాగి చింపుతుంది. అగ్గిపుల్ల కొసతో నొక్కాలి, గోరు గీత వేస్తుంది. ఎడమ వెనక క్వార్టర్ మీద ఉండే పెట్రోల్ మూత చార్జర్ గుర్తు, దాన్ని క్రోమ్‌గానే ఉంచాం.

కార్పెట్‌కు వెల్వెట్ వద్దు. దాని నూలు ఎత్తు 1 మి.మీ. ఉన్నా స్కేలులో 25 మి.మీ. గడ్డి. నల్ల ఉన్ని దారాన్ని కత్తెరతో పొడిగా తరిగి, టీ వడపోతతో తడి నల్ల ఆక్రిలిక్ మీద చల్లితే చాలు. సీటు బెల్టులకు మందుల షాపులో దొరికే మైక్రోపోర్ టేపు, 2 మి.మీ. వెడల్పు పట్టీలు.

కింది భాగం ఒకే నలుపు వేయడం అందరూ చేసే పని. ఫ్యాక్టరీలో కింద ప్రైమర్ మీద అంచుల నుంచి బాడీ ఎరుపు పొగలా పడేది. ముందు టోర్షన్ బార్లకు, వెనక లీఫ్ స్ప్రింగులకు ఇనుప రంగులు కాస్త కాస్త తేడాతో వేస్తే ప్రతి భాగం విడిగా కనిపిస్తుంది.

ఆగస్టు: చక్రాలు, నిలుపు

68 ఆర్/టి టైర్లు ఎఫ్70-14, ఎర్ర గీత ఉన్నవి. గీత వెడల్పు స్కేలులో 0.4 మి.మీ. లోపే. టైరును రిమ్ముతో సహా పిన్ వైస్‌లో బిగించి చేత్తో తిప్పుతూ, బ్రష్‌ను కదలకుండా పట్టుకుంటే గీత తిరుగుతుంది. ఆక్రిలిక్ రంగే వాడాలి, ఎనామెల్ వినైల్ టైరు మీద ఏళ్ల తరబడి జిగురుగానే ఉంటుంది. వినైల్‌లోని నూనె పాలిస్టైరీన్ రిమ్ములనూ తింటుంది కాబట్టి, టైరు తగిలే భాగమంతా లాకర్ పూత ఉండాలి. ట్రెడ్‌ను 320 ఎమరీ మీద తిప్పితే కొత్త బొమ్మ మెరుపు పోతుంది.

నాలుగు చక్రాలూ అద్దం పలక మీద నేలను తాకాలి. ఒక్కటి లేచినా కింద కాగితం ముక్క జారిపోయేంత సందు కనిపిస్తుంది. జిగురు ఆరేలోపు ఇరుసు కింద పోస్టుకార్డు ముక్కలు పెట్టి ఎత్తు సరిచేయాలి. వెనక లైట్లకు లోపల క్రోమ్ వెండి, పైన తామియా ఎక్స్-27 క్లియర్ రెడ్ రెండు పలచటి పూతలు. బానెట్ గుంటల్లో డ్రైవర్ వైపు చూసే ఇండికేటర్ దీపాలకు ఎక్స్-26 నారింజ ఒక్కో చుక్క.

మిగిలింది ముందు ఫెండర్ మీద యాంటెనా. అసలుది అడుగున 5 మి.మీ. ఉంటుంది, అంటే 0.2. గిటార్ .009 తీగ 0.23 మి.మీ., నిటారుగా నిలుస్తుంది. నోస్ ప్లయర్‌తో కోస్తే కొస పక్కకు వంగి ఎగురుతుంది, కాబట్టి పాత నిప్పర్‌తో, తీగ రెండు కొసలూ వేళ్లతో పట్టి కోయాలి. ప్లాస్టిక్ కోసే నిప్పర్ దీనికి వాడితే దాని నోరు పాడవుతుంది. రంధ్రం 0.25, జిగురు సూది మొనతో ఒక చుక్క, బాడీని చాసిస్ మీద చివరిసారి కూర్చోబెట్టాకే.